తాళాల మేస్త్రి మాట్లాడిన ఏడాది

తాళాల మేస్త్రి గొంతు ఎలా ఉంటుందని అడిగితే ఆ వీధిలో చాలామంది తడుముకునేవారు. ఆయన దగ్గడం విన్నవాళ్ళున్నారు. గొంతు సవరించుకోవడం విన్నవాళ్ళున్నారు. మాట విన్నవాళ్ళు మాత్రం తక్కువ. రెండు దుకాణాల మధ్య, మెట్ల కింద మిగిలిన ఇరుకు చోటులో ఆయన కొట్టు. ఒక బల్ల, ఒక దీపం, ఆకురాళ్ళ పెట్టె, గోడకి కొట్టిన మేకుల మీద వరసలుగా వేలాడే తాళంచెవులు. ఎవరైనా వచ్చి తాళం బల్లమీద పెడితే దాన్ని చెవి దగ్గరికి తీసుకుని, సన్నటి ఇనపపుల్ల లోపలికి పోనిచ్చి, కళ్ళు మూసుకుని వినేవాడు. లోపలి పలకలు ఎక్కడ ఆగుతున్నాయో ఆ చప్పుడే చెప్పేది. వినే పనిలో ఉన్నవాడికి మాట్లాడే తీరిక ఎక్కడిది? "ఎప్పుడు రమ్మంటారు మేస్త్రిగారూ?" అంటే రెండు వేళ్ళు చూపించేవాడు. అవి రెండు గంటలో, రెండు రోజులో వచ్చినవాళ్ళ అదృష్టం.

ఆ వేళ్ళకి అర్థం చెప్పేది ఆయన భార్య. ఆవిడని అందరూ వార్తలమ్మ అనేవారు. మనిషి ఆవులించకముందే పేగులు లెక్కపెట్టే రకం. ఏ ఇంట్లో పిల్లి ఈనిందో, ఆ పిల్లలు ఏ పిల్లి పోలికో కూడా ఆవిడకి తెలుసు. పనికోసం వచ్చినవాళ్ళని పలకరించడం, చుట్టాలకి ఫోన్లు చేయడం, కూతురి పెళ్ళి మాటలు, అద్దె ఇంటి తగాదాలు, అన్నీ ఆవిడ నోటిమీదుగానే నడిచాయి. "మా ఆయన ఊరందరి తాళాలూ తీస్తాడమ్మా, తన నోటికి వేసుకున్నదాన్ని మాత్రం తీయలేడు" అని ఆయన ఎదుటే అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఇద్దరికి సరిపడా మాటలు ఆ ఇంట్లో ఉన్నాయి. వాటిలో తన వాటా కూడా ఆవిడే మాట్లాడేస్తుంటే ఆయనకి ఏ లోటూ కనిపించలేదు.

ఆవిడకి ఒక జబ్బుండేది. ఎవరైనా తప్పు చెబితే ఓర్చుకోలేకపోయేది. బస్సులో ముందు సీటువాళ్ళు ఏదో సంగతి తప్పుగా చెప్పుకుంటుంటే, ముక్కూ మొహం తెలియకపోయినా భుజం తట్టి దిద్దేది. అందులోనూ పెళ్ళిలో ఎవరు ఏమి పెట్టారన్న విషయంలో ఆవిడ ముందు పొరపాటు చేసి బతికి బయటపడ్డ చుట్టం లేడు.

ఒకరోజు పొద్దున్నే టీ గ్లాసులు కడుగుతూ, "ఆ మేడమీద వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి..." అంది. ఆగింది. మేస్త్రి మిగతా వాక్యం కోసం చూస్తున్నాడు. గ్లాసు కింద పడి పగిలింది. అప్పటికీ ఆయన మిగతా వాక్యం కోసమే చూస్తున్నాడు.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి ఆవిడ కుడి చేయి, కుడి కాలు బరువెక్కి ఉన్నాయి. మాట పూర్తిగా పోయింది. ఎవరేమన్నా అర్థమవుతోంది. కళ్ళు అన్నీ చదువుతున్నాయి. పెదవులు కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు. ఆస్పత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ, చిన్నవయసు పిల్ల, మేస్త్రిని కూర్చోబెట్టి చెప్పింది.

"మాట పోలేదు తాతగారూ, లోపలే ఉంది. బయటికొచ్చే దారి మూసుకుపోయింది. ఈ మొదటి నెలలే మనకి ముఖ్యం. ఇప్పుడు కదిలితే కదిలినట్టు. ఆలస్యమైన కొద్దీ కష్టం. మీరు మాట్లాడుతూ ఉండాలి. ఒక మాట చెప్పి, ఆగి, ఆవిడ కోసం కాచుకోవాలి. మళ్ళీ చెప్పాలి."

పక్కనే ఉన్న కూతురు ఏడుపులోనే నవ్వేసింది. "ఎవరు, మా నాన్నా? డాక్టరుగారూ, నా పెళ్ళిచూపుల్లో వాళ్ళు ఈయన్ని చూసి, 'పాపం, వినపడదా?' అని అడిగారండీ."

డాక్టరమ్మ బొమ్మల అట్టలు ఇచ్చింది. కప్పు, పిల్లి, గొడుగు. ఇంట్లో మేస్త్రి వాటిని ఒక్కొక్కటే ఎత్తి చూపించాడు. ఊరి సంగతులన్నీ గుప్పిట్లో పెట్టుకుని బతికిన మనిషికి పిల్లి బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే ఏమవుతుంది? ఎడమచేత్తో ఒక్క తోపు తోసింది. అట్టలన్నీ మంచం కిందికి పోయాయి.

సరే, మాట్లాడదామని కూర్చున్నాడు. "ఇది దుప్పటి" అన్నాడు. కాచుకున్నాడు. "ఇది కిటికీ." మళ్ళీ కాచుకున్నాడు. "కిటికీ... బాగుంది." ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. ఇక ఏం చెప్పాలో తెలియక బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాడు. గదిలో అంత నిశ్శబ్దం ఆయనెప్పుడూ వినలేదు. తన మౌనం ఇన్నేళ్ళూ హాయిగా ఉండటానికి ఆవిడ మాటలే కారణమని, పరుపు తీసేశాక నేల తగిలినట్టు, అప్పుడు తెలిసింది.

ఒక రోజు ఆస్పత్రి నుంచి తిరిగొస్తుంటే వాన పట్టుకుంది. బస్టాపు ఎదురుగా పాత రాతి భవనం, మెట్ల పక్కన చక్రాల కుర్చీకి వాలుదారి. తడవకుండా ఉండాలని ఆవిడ కూర్చున్న కుర్చీ తోసుకుంటూ లోపలికి పోయాడు. అది మ్యూజియం. ఆ దారిలో ఎన్నో ఏళ్ళుగా తిరుగుతున్నా అందులో ఏముంటుందో ఆయనకి తెలియదు, ఆవిడకీ తెలియదు. ఆవిడకి తెలియని చోటు ఊళ్ళో ఒకటి ఉండటమే వింత.

మొదటి గదిలో రాతి తలలు వరసగా ఉన్నాయి. గాజు అరలకి కాపలాగా ఒకావిడ కుర్చీలో కూర్చుని ఉంది. డాక్టరమ్మ మాట గుర్తొచ్చి మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"ఇదిగో, ఈయనకి ముక్కు లేదు" అన్నాడు. కాచుకున్నాడు. "పక్కాయనకీ లేదు." ఇంకో తల దగ్గరికి తోశాడు. "ఈవిడకీ పోయింది. ఈ గదిలో ముక్కున్నవాళ్ళం మనిద్దరమే."

"నాకూ ఉంది బాబాయ్‌గారూ" అంది కాపలా ఆవిడ.

వార్తలమ్మ పెదవి ఎడమ చివర కొద్దిగా వంగింది. గ్లాసు పగిలిన రోజు తరువాత ఆ మొహంలో నవ్వు లాంటిది రావడం అదే మొదలు. మేస్త్రి ఆ వంపుని చూసి, అది చెదిరిపోతుందేమోనని ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాడు.

లోపలి గదిలో ఒక ఇనప పెట్టె కనిపించింది. ఐరోపాలో ఎక్కడో ఎప్పుడో చేసింది. చుట్టూ ఇనప పట్టీలు, ముందు వైపున పువ్వులు చెక్కిన పెద్ద తాళం కన్నం. మేస్త్రి వంగి చూశాడు. పక్కకి వెళ్ళి చూశాడు. మొహం పిల్లాడి మొహంలా అయిపోయింది.

"చూడు, చూడు. ఈ కన్నం ఉత్తుత్తిది. దొంగ వచ్చి దీంట్లో పుల్ల పెట్టి తెల్లారేదాకా కుస్తీ పడతాడు, పడేది చెమటే. అసలు కన్నం మూత మీదుంది, ఆ మేకు తల కింద. ఆ మేకు పక్కకి జరుగుతుంది. తిప్పితే మూత అంతా పరుచుకున్న గడియలు ఒక్కసారి లోపలికి పోతాయి. మా గురువు చెప్పేవాడు ఇలాంటిది ఉంటుందని. నేను నమ్మలేదు. ఎంత పని చేశాడే మహానుభావుడు! మనం పొగుడుతామని ఆయనకి తెలియను కూడా తెలియదు."

ఇంత మాట్లాడింది తానేనా అని ఆయనే ఆశ్చర్యపోయాడు. ఆవిడ పెట్టెని చూడటం లేదు. ఈ మనిషిని ఎక్కడో చూశానే అన్నట్టు ఆయన్నే చూస్తోంది.

అప్పటి నుంచి వాన లేకపోయినా వెళ్ళసాగారు. ఇంట్లో కిటికీ దగ్గరే ఆగిపోయిన మనిషికి అక్కడ గది గదికీ మాట దొరికేది. ఈజిప్టు శవపేటిక మూతమీద కళ్ళు తెరుచుకుని పడుకున్న స్త్రీ బొమ్మ ముందు, "ఈవిడ నిద్రలో కూడా వీధిలో ఎవరు పోతున్నారో కనిపెట్టే రకం. నాకు ఇలాంటి ఒకావిడ తెలుసు" అనేవాడు. వెలుగు దూరి వచ్చేటంత పల్చటి చైనా గిన్నెల ముందు గొంతు తగ్గించేవాడు, గట్టిగా అంటే పగులుతాయన్నట్టు. ఆఫ్రికా ముసుగుల్లో ఆవిడ బంధువుల పోలికలు వెతికేవాడు. గోడంత తివాచీ ముందు, "దీన్ని నేసినవాళ్ళకి నడుము ఎంత నొప్పి పుట్టి ఉంటుందో" అని నిట్టూర్చేవాడు. అద్దాల వెనక కాగితాల మీద ఏం రాశారో చదివేవాడు కాదు. ఆ అక్షరాలు మరీ చిన్నవి. తోచింది చెప్పేసేవాడు.

దాంతో ఒక చిక్కు వచ్చింది. కుర్చీ తోసుకుంటూ గంభీరంగా చెబుతున్న పెద్దమనిషిని చూసి, మ్యూజియం వాళ్ళ మనిషి కాబోలనుకుని ఎవరో నలుగురు వెనకే నడిచారు. గ్రీకు జాడీ మీద నల్లగా పరుగెత్తుతున్న మనుషులని చూపించి మేస్త్రి, "వీళ్ళు బస్సు తప్పిపోయినవాళ్ళు" అంటే అందులో ఒకతను శ్రద్ధగా తల ఊపాడు.

ఆ తరువాత వెళ్ళినప్పుడు కాపలా ఆవిడ లేచి వచ్చింది. "పెద్దాయనా, పిన్నిగారికి మీరేమైనా చెప్పుకోండి, నా ప్రాణానికి హాయిగానే ఉంది. జనానికి మాత్రం చెప్పకండి. నిన్న ఒకాయన వచ్చి బస్సు జాడీ ఎక్కడుందని అడిగాడు."

ఇదంతా బాగానే ఉంది. మాట మాత్రం రాలేదు. డాక్టరమ్మ ప్రతిసారీ గొంతు పట్టి చూసేది, నోరు గుండ్రంగా చుట్టమనేది, "చూద్దాం" అనేది. ఆ 'చూద్దాం' వారం వారం కాస్త సన్నబడుతోందని మేస్త్రి చెవి పట్టేసింది. చప్పుళ్ళ తేడా కనిపెట్టడమే కదా ఆయన వృత్తి.

ఒక మధ్యాహ్నం రంగుల పటాల గదిలో ఉన్నారు. పెద్ద పటం. వంటింటి బల్ల, దాని మీద కోసిన రొట్టె, కిటికీలోంచి పడే వెలుగు, పక్కన నిగనిగలాడే మట్టి జగ్గు. మేస్త్రి మామూలుగా అన్నాడు, "ఆ జగ్గు చూశావా? మన పెళ్ళికి మా పెద్దక్క ఇచ్చిందే, అచ్చం అలాంటిదే."

కుర్చీ కదిలింది. ఆవిడ మెడ ఎర్రబడింది. ఎడమచేయి కుర్చీ చేతిని బిగించి పట్టుకుంది. నోరు తెరుచుకుంది, మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది.

"కా... కాదు!"

మేస్త్రి చప్పున వంగి చెవి ఒగ్గాడు.

"పి... పిన్ని. పిన్ని!"

నిజమే. ఆ జగ్గు ఇచ్చింది ఆవిడ పిన్ని. పెద్దక్క ఇచ్చింది అంచు విరిగిన అద్దం. ఆ అద్దం గురించి ఆవిడ కాపురమంతా దెప్పుతూనే ఉంది. మేస్త్రికే ఎప్పుడూ జ్ఞాపకం ఉండేది కాదు. ఊళ్ళో దేవుడి మీద తప్పు చెప్పినా ఊరుకునేదేమో కానీ, పిన్ని జగ్గుని ఆడపడుచు ఖాతాలో వేస్తే ఊరుకుంటుందా? కాపలా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. మేస్త్రి ఆ వచ్చినావిడ రెండు చేతులూ పట్టుకుని, "పిన్నేనట! పిన్ని ఇచ్చిందట!" అన్నాడు. ఏ పిన్నో ఏం ఇచ్చిందో తెలియకపోయినా కాపలా ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

బొమ్మల అట్టలు ముందువైపు కనిపించే ఉత్తుత్తి కన్నమని, అసలు కన్నం ఇదని మేస్త్రి తేల్చుకున్నాడు. ఇక కావాలనే తప్పులు చెప్పడం మొదలుపెట్టాడు. కూతురు పుట్టింది ఎండాకాలమన్నాడు. "చలి!" అని వచ్చింది. మొదట కాపురం పెట్టిన ఇంటి తలుపు నీలం రంగన్నాడు. "ఆకు... పచ్చ." మేడమీద వాళ్ళ పెద్దబ్బాయి బుద్ధిమంతుడన్నాడు. దానికి మాట రాలేదు, నవ్వు మాత్రం గట్టిగా వచ్చింది. ఒక సాయంత్రం కూతురికి ఫోన్ చేసి, ఊపిరాడకుండా, "అమ్మా, మీ అమ్మ ఇవాళ నన్ను మొద్దు అంది!" అన్నాడు. "మళ్ళీ చెప్పు నాన్నా" అంది అవతల కూతురు.

డాక్టరమ్మ సంతోషించింది కానీ వేలు చూపించి చెప్పింది. "కోపంలో మాట తేలిగ్గా జారుతుంది తాతగారూ. అది మొదటి మెట్టు. దాని మీదే కాపురం పెట్టకండి. ఆవిడ తనకి తానుగా మాట్లాడాలనుకోవాలి."

మేస్త్రి తలూపాడు. కానీ చేతికి అలవాటైన పనిముట్టుని ఎవరు పక్కన పెడతారు?

ఆ తరువాతి వారం కొయ్యబొమ్మల గదికి వెళ్ళారు. బిడ్డని ఒడిలో పెట్టుకుని కూర్చున్న తల్లి బొమ్మ. రంగు చాలావరకు పోయింది. ఎన్ని తరాలవాళ్ళు ముట్టుకున్నారో, మోకాలు నున్నగా అరిగిపోయింది. వార్తలమ్మ దాన్ని చాలాసేపు చూసింది. మేస్త్రి ఏ తప్పు చెబుదామా అని వెతుక్కుంటున్నాడు. చటుక్కున అన్నాడు, "మన అమ్మాయి పుట్టినప్పుడు మీ అమ్మ రానే లేదు కదా?"

ఆవిడ తిరిగి చూసింది. కోపం రాలేదు. పెదవులు కదల్లేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి, అంతే. మొహం వంచుకుంది.

మర్నాడు కుర్చీ బయటికి తీస్తే ఎడమచేత్తో తలుపు చట్రం గట్టిగా పట్టుకుంది. ఆ తరువాతా అంతే. 'కాదు' లేదు, 'మొద్దు' లేదు. మాట మొదటి రోజుల్లో ఎక్కడుందో అక్కడికే పోయింది.

కూతురు వచ్చి నిలదీసింది. "అమ్మని ఏమన్నావు నాన్నా?"

చెప్పాడు.

"అమ్మమ్మ జోలికి వెళ్ళావా! నాన్నా, అమ్మమ్మ జ్వరంతో బస్సెక్కి వచ్చిందని నీకు తెలియదా? ఇంటికెళ్ళాక మంచం పట్టి మళ్ళీ లేవలేదు. 'నేను రమ్మని కబురు పెట్టకపోతే మా అమ్మ బతికేది' అని అమ్మ నాతో ఎన్నిసార్లు ఏడ్చిందో తెలుసా?"

తెలియదు. జ్వరం సంగతి ఆయనకీ తెలుసు, ఆ దిగులు మాత్రం అన్ని మాటలు చెప్పిన ఆవిడ ఆయనకి చెప్పలేదు. అడగని మనిషికి ఎలా చెబుతుంది?

మర్నాడు పొద్దున కొట్టు తెరిచి కూర్చున్నాడు. ఎవరో బిగుసుకుపోయిన బీరువా తాళం తెచ్చారు. లోపల తాళంచెవి ముక్క ఇరుక్కుని ఉంది. గోటితో పోయేదానికి బలం చూపించి విరగ్గొట్టుకున్నారు. ఇలాంటివి ఎన్ని చూశాడో, ఎంతమందిని మనసులో తిట్టుకున్నాడో. ఈసారి తిట్టుకోలేదు. తాళం అలాగే బల్లమీద పెట్టి, కొట్టు మూసి, ఇంటికి వచ్చి ఆవిడ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నీకు కోపం తెప్పిస్తే మాట వస్తుందని కావాలని అబద్ధం చెప్పాను. గడ్డి తిన్నాను. ఇప్పుడు జరిగింది చెబుతాను. నువ్వేం అనక్కర్లేదు."

ఆవిడ గోడవైపే తిరిగి ఉంది.

"మీ అమ్మని బస్టాండు నుంచి తెచ్చింది నేను, వేరే పనిమీద వెళితే ఎదురుపడింది. అది నీకు తెలుసు. ఆవిడ బస్సు దిగినప్పుడు కాళ్ళు చూశాను. ఒక కాలికి తన చెప్పు. రెండో కాలికి మీ నాన్న చెప్పు. పెద్దది, వెనక ఇంత మిగిలిపోయి టపటపా కొట్టుకుంటోంది. నేను చూడటం ఆవిడ చూసింది. 'ఎవరితో అనకు నాయనా, నవ్వుతారు' అంది. నేను అంటానా? ఇంటికి వచ్చాక గుమ్మంలో విడిస్తే, ఎవరూ చూడకుండా తీసి నా పనిముట్ల సంచి వెనక దాచాను. సాయంత్రం కొత్తవి తెచ్చి అక్కడ పెట్టాను."

ఆవిడ మెల్లగా ఇటు తిరిగింది.

"దారిలో జ్వరమని నాకూ తెలిసింది. చెయ్యి పట్టుకుంటే కాలుతోంది. 'ఎందుకొచ్చారండీ ఇలా? అమ్మాయి కబురు పంపిందనా?' అన్నాను. ఏమందో తెలుసా? 'ఏ కబురు? నాకేం కబురు అందలేదే. పొద్దున్నే మనసు ఆగలేదు, చెప్పుల్లో కాళ్ళు పెట్టి వచ్చేశాను' అంది. నువ్వు పంపిన మనిషి వాళ్ళ ఊరు చేరేసరికే ఆవిడ ఇక్కడ నీ పక్కన కూర్చుంది. నువ్వు రప్పించలేదు. తనే వచ్చింది. నీకు తెలుసనుకున్నాను. తెలియదని నిన్న అమ్మాయి చెబితే కానీ నాకు తెలియలేదు."

ఎప్పుడు ఆగాలో ఎవరూ నేర్పలేదు కనక ఇంకా చెప్పుకుపోయాడు. మనవరాలిని మొదటిసారి చూసి అత్తగారు పాప ముక్కు మీద వేలు పెట్టి చూడటం, 'మీ మేస్త్రి ముక్కే, పోనీలే, మాట మాత్రం మా అమ్మాయిది రావాలి' అనడం, నవ్వితే దగ్గు రావడం. చెబుతూ చెబుతూ గొంతు పట్టేసి నీళ్ళకోసం లేచాడు.

"ఇం... కా."

వెనక్కి తిరిగాడు.

ఆవిడ మొహమంతా తడి. ఎడమచేయి స్టూలు మీద వేసి తడుతోంది, కూర్చో అన్నట్టు. "ఇంకా" అంది మళ్ళీ. కోపంలో ఊడిపడ్డ మాట కాదది. అడిగి తెచ్చుకున్నది.

మేస్త్రి నీళ్ళు తాగలేదు. కూర్చున్నాడు. టీ వేళ దాటిపోయింది. వీధిలో పిల్లలు బడి నుంచి వచ్చేశారు. ఆయన చెబుతూనే ఉన్నాడు. ఆవిడ మాట్లాడిన రోజులన్నీ ఆయన చూస్తూ ఉన్నాడు కదా, చూసినవన్నీ వాడకుండా అలాగే ఉన్నాయి.

"చెప్పు... జత" అని డాక్టరమ్మకి ఆవిడే చెప్పింది తరువాత. డాక్టరమ్మకి ఏమీ అర్థం కాలేదు. కానీ ఈసారి 'చూద్దాం' అనలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "అబ్బ" అంది.

మళ్ళీ మ్యూజియానికి వెళ్ళసాగారు. మేస్త్రి ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని అద్దాల వెనక కాగితాలు చదివి, ఉన్నదున్నట్టు చెప్పేవాడు. చెప్పాక, దాన్ని చూస్తే తనకి ఏది జ్ఞాపకం వచ్చిందో అదీ చెప్పేవాడు. మెక్సికో మట్టికుక్క ముందు, చిన్నప్పుడు తన వెంట బడికొచ్చిన కుక్క. రోము గాజుసీసా ముందు, ఆవిడ చెవిపోటుకి మందు తెచ్చిన చిన్న సీసా. ఆ సీసా బిరడా తాను ఆకురాయితో అరగదీసి సరిపెట్టిన సంగతి ఆవిడకి ఇన్నాళ్ళూ తెలియదు. "ఎప్పుడు?" అనేది. "ఎవరు?" అనేది. రెండు మాటలు కలిపి అడగడం కూడా వచ్చింది. కొన్ని రోజులు ఒక్కటీ వచ్చేది కాదు. ఆ రోజుల్లో ఊరికే కూర్చుని చూసి వచ్చేవారు.

అలా ఊరికే కూర్చున్న రోజుల్లో మేస్త్రి ఆ వస్తువులకేసి చూసి మనసులో దండం పెట్టుకునేవాడు. ఎక్కడి ఈజిప్టు, ఎక్కడి గ్రీసు! జాడీ మీద మనుషులని పరుగెత్తించినవాడూ, గిన్నెని ఉల్లిపొరలా చేసినవాడూ, నడుం విరిగేలా తివాచీ నేసినావిడా పేర్లు కూడా మిగలకుండా పోయారు. తమ పని వేల ఏళ్ళ తరువాత ఎక్కడో ఒక ముసలి తాళాలవాడికి మాట సాయం చేస్తుందని వాళ్ళు అనుకున్నారా? వాన పడ్డ రోజుకీ, వాలుదారి కట్టినవాళ్ళకీ, 'బస్సు జాడీ' భరించిన కాపలా ఆవిడకీ కలిపే పెట్టేవాడు ఆ దండం. పక్కన కుర్చీలో ఉన్నావిడకి వేరే పెట్టేవాడు. తన బదులు ఇన్నేళ్ళు మాట్లాడి అలసిపోని మనిషికి అందరితో కలిపి పెడితే సరిపోదని.

ఒకరోజు జపాను అచ్చు బొమ్మల గదిలో బొమ్మలు మార్చి కొత్తవి పెట్టారు. ఒక దాంట్లో చెక్క వంతెన మీద జనం వానలో తలలు వంచుకుని పరుగెడుతున్నారు. వాన గీతలు గీతలుగా, దువ్వెన పళ్ళలా పడుతోంది. మేస్త్రి కళ్ళజోడు సర్దుకుని కాగితం చదవబోయాడు. ఆవిడ చేయి ఎత్తింది. ఆగమని.

"మన... పెళ్ళి" అంది.

మేస్త్రి ఆగాడు.

"మన పెళ్ళి... రోజు. వాన."

ఆ రోజు వాన లేదు. నిప్పులు చెరిగిన ఎండ. ఆయనకి బాగా జ్ఞాపకం. అరికాళ్ళు కాలి గెంతులు వేశాడు. కానీ ఆవిడ తనకి తానుగా, ఎవరూ అడక్కుండా, ఒక కథ మొదలుపెట్టింది. అందులో ఎండైతేనేం, వానైతేనేం?

"అవునవును, ఎంత వానో! తడిసి ముద్దయిపోయాం కదూ" అన్నాడు.

ఆవిడ కళ్ళు చికిలించి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. పెదవి ఎడమ చివర వణికింది.

"అబద్ధాల..." అంది. ఆగింది. ఆయన కాచుకున్నాడు. కాపలా ఆవిడ కూడా కుర్చీ అంచుకి జరిగి కాచుకుంది.

"...కోరు! ఎండ. మండే ఎండ!"

కాపలా ఆవిడ పకపకా నవ్వింది. మేస్త్రి కళ్ళజోడు తీసి ఆవిడని చూశాడు. పరీక్ష పెట్టింది! ఇన్నాళ్ళూ తాను చేసిన పనిని తనకే తిప్పి చేసింది! మాట మాత్రమే తిరిగి వస్తోందనుకున్నాడు. మనిషి మనిషంతా, తన టక్కులతో సహా తిరిగి వస్తోంది.

ఆవిడ నవ్వు అయిపోయాక ఊపిరి తీసుకుని మళ్ళీ బొమ్మవైపు తిరిగింది. "ఫొటో... ఆయన" అంది. "గొడుగు."

"ఫొటోలు తీసినాయనకి గొడుగెక్కడిది?" అన్నాడు మేస్త్రి. ఈసారి నిజంగానే ఆయనకి తెలియదు.

"మీకు... తెలీదు" అంది ఆవిడ, ఎంతో తృప్తిగా. "చెబుతా."

మేస్త్రి కుర్చీ చక్రానికి బ్రేకు వేసి, గదిలోని బల్ల మీద ఆవిడ కుర్చీ పక్కనే సర్దుకుని కూర్చున్నాడు.